అభ్యంతరం కావలెను

దేవరబండలో పిండిగిర్ని నడిపే మాణిక్యమ్మకు అభ్యంతరం లేని సంగతి ఈ భూమ్మీదే లేదని ఊళ్ళో అందరూ అనుకునేవారు. ఆ మాట ఎవరైనా ఆమె ఎదురుగా అంటే, "గట్లెట్లంటవ్?" అని దానికీ అభ్యంతరం చెప్పేది. బస్సు స్టేజీ దాటి ముందుకు పోయి ఆగితే అభ్యంతరం. పెళ్ళిలో ఫోటోలవాడు తలంబ్రాలకు అడ్డం నిలబడితే అభ్యంతరం. జెండా పండుగనాడు సర్పంచి ఉపన్యాసం సాగదీస్తే, పిల్లలు ఎండలో మాడుతున్నారని మధ్యలోనే లేచి చెప్పేది. భర్త పోయిన తరువాత గిర్ని ఆమె చేతికి వచ్చింది. ఆ మర చప్పుడు మీద వినబడేలా మాట్లాడీ మాట్లాడీ గొంతు కూడా అందుకు తగ్గట్టే తయారైంది.

అలాంటి మనిషి నోరెత్తకుండా ఊరుకున్నది ఇర్రులబయలు విషయంలో మాత్రమే.

ఊరికి తూర్పున కనుచూపు మేర గడ్డి. వానలు వెనకబట్టాక కంకులు తెల్లబడి, గాలి వీచినప్పుడు బయలంతా ఒక పక్కకు ఒరిగి మళ్ళీ లేచేది. ఆ గడ్డిలోంచి ఇర్రులు, అంటే నల్లజింకలు, ఎవరో కింద నుంచి విసిరినట్టు పైకి లేచి, గాలిలో కాసేపు ఆగి, దిగేవి. సర్కారు ఎప్పుడో దానికి 'కృష్ణజింకల సంరక్షిత తృణభూమి' అని పేరుపెట్టి బోర్డు పాతింది. పుల్ల విరవరాదు. రాయి కదపరాదు. ఈల వేయరాదు. మాణిక్యమ్మ తమ్ముడు బీరయ్య గొర్లు కాస్తాడు. కుంటుతున్న పిల్లకు కట్టు కట్టడానికి ఒక తుమ్మపుల్ల విరిచినందుకు అతనికి జరిమానా వేశారు. పక్క ఊరికి పోయే పెళ్ళి బరాతు ఆ బయలు పక్కన నడిచినంతసేపు బ్యాండువాళ్ళు బాజాలు చంకలో పెట్టుకుని, పెళ్ళికొడుకు తుమ్ము వచ్చినా ఆపుకుని పోవలసిందే. దానికి మాత్రం మాణిక్యమ్మ, "బెదురుతయ్ పాపం, నోరులేని జీవాలు. ఊకోండ్రి" అని ఊరివాళ్ళకే సర్ది చెప్పేది.

అలాంటి బయలులో ఒకరోజు పొద్దున ఎర్రజెండాలు కనబడ్డాయి. వాటి వెనక ఒక పెద్ద బోర్డు లేచింది. బోర్డు మీద ఒక జింక, జింక వెనక ఆకాశాన్ని అంటుతున్న పన్నెండు భవనాలు, వాటి కింద 'హరిణ విహార్: ప్రకృతి మీ బాల్కనీలోకే' అని అక్షరాలు.

బీరయ్య పరుగెత్తుకుంటూ గిర్నికి వచ్చాడు.

"అక్కా, బయల్ల టవర్లు కడతరట."

"పుల్ల ఇరిస్తే జరిమాన వేసిన బయల్లనా?"

"ఆడనే. జీపుల వచ్చిన సారు నవ్వుకుంట చెప్పిండు. మూడు వేల ఇండ్లట."

మాణిక్యమ్మ మర ఆపింది. జొన్నలు పట్టించుకుందామని వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యలో మర ఆగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

మరునాడే ఆమె జిల్లా కేంద్రానికి బస్సెక్కింది. అక్కడ 'ప్రజాభిప్రాయ సమాదరణ కార్యాలయం' అని కొన్నేళ్ళ కిందట ఒకటి వెలిసింది. గేటు దగ్గర తోసేస్తారని, సారు మీటింగులో ఉన్నాడంటారని, రేపు రమ్మంటారని ఆమె ముందే ఊహించి, ఒక్కొక్కదానికి ఒక్కో జవాబు బస్సులోనే సిద్ధం చేసుకుంది. గేటు దగ్గరి మనిషి ఏం పనని అడిగాడు.

"ఇర్రులబయల్ల టవర్లు కట్టుడు మీద నాకు అభ్యంతరం ఉన్నది. చెప్పిపోదామని వచ్చిన."

ఆ మనిషి నోరు తెరుచుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. తరువాత టోపీ చేత్తో పట్టుకుని, "సార్! వచ్చిన్రు! అభ్యంతరం వచ్చింది సార్!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తాడు.

లోపల ఆమెకు మెత్తటి కుర్చీ వేశారు. నన్నారి షర్బత్ ఇచ్చారు. ఎవరో ఫ్యాను ఆమె వైపు తిప్పారు. ప్రత్యేకాధికారి పీతాంబర్ గారు తన గది వదిలి ఎదురు వచ్చారు. నున్నగా దువ్విన జుట్టు, జేబులో మూడు రంగుల కలాలు. ఆయన రెండు చేతులూ జోడించి అన్నారు:

"అమ్మా, స్వాగతం. ప్రజాస్వామ్యమనే మహాసౌధానికి ఆక్షేపణయే పునాదిరాయి. తమ ఆక్షేపణను ఈ కార్యాలయం సమగ్రంగా, సహృదయంగా, సగౌరవంగా స్వీకరించడానికి సర్వసన్నద్ధమై ఉన్నది."

మాణిక్యమ్మకు బస్సులో కట్టుకున్న జవాబులన్నీ చేతిలోనే ఉండిపోయాయి. "సారూ, ఆ జింకలు ఏడికి పోవాలె? గడ్డి పోతే మా గొర్లు ఏం దినాలె? బయలు మీద పడ్డ వాననే కదా మా బాయిలకు ఊట వచ్చేది?" అని ఒక్క గుక్కలో అడిగేసింది.

పీతాంబర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు. పక్కనే కూర్చుని రాసుకుంటున్న గుమాస్తా సులోచన వైపు తిరిగి, "అద్భుతం. కాని ఆక్షేపణలో ఆవేదనాంశం కొంత కొరవడినట్టు తోస్తున్నది. అమ్మా, తమ గొంతు ఒకింత గద్గదమైతే బాగుండును" అన్నారు.

"నాకు ఏడుపొస్తలేదు సార్. కోపమొస్తున్నది."

"కోపమైననూ ఆమోదయోగ్యమే. సులోచనా, 'తీవ్ర ఆగ్రహావేశములతో' అని వ్రాయి."

ఆమెకు పూలగుత్తి ఇచ్చి ఫోటో తీశారు. కారులో ఊరిదాకా దింపారు. దారంతా మాణిక్యమ్మ పూలగుత్తి ఒడిలో పెట్టుకుని, సర్కారును ఇన్నాళ్ళూ ఊరికే తిట్టుకున్నానే అని బాధపడింది. ఇంటికి చేరేసరికి బాధ పోయి అనుమానం మొదలైంది. జీవితంలో ఏ అభ్యంతరానికీ ఎవరూ ఆమెకు పూలు ఇవ్వలేదు.

మొదటి విచారణ ఇర్రులబయలులోనే జరిగింది. షామియానా వేయడానికి నాలుగెకరాల గడ్డి చదును చేశారు. బోర్డు మీద ఈల వేయరాదని ఉన్న చోటే లౌడ్‌స్పీకర్లు కట్టారు. టవర్లు కట్టబోయే చక్రధర్ మొదటి వరసలో కూర్చున్నాడు. తెల్లటి బట్టలు, మెత్తటి మాట, ఎవరు ఏమన్నా తలాడించే మనిషి. మాణిక్యమ్మ మైకు ముందు నిలబడి మైకు అక్కర్లేని గొంతుతో అరగంట మాట్లాడింది. ఇర్రి పిల్లలు పుట్టగానే గడ్డిలో కదలకుండా ఎలా పడుకుంటాయో చెప్పింది. తమ్ముడి తుమ్మపుల్ల సంగతి చెప్పింది. "పుల్ల ఇరిస్తే నేరమైన కాడ పునాది తవ్వితే నేరం కాదా?" అని అడిగింది. ఊరివాళ్ళు ఈలలు వేశారు. అధికారులు చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది చక్రధర్.

అతను లేచి జవాబు చెప్పాడు. "అక్క మాటలతో నా కండ్లు తెరుచుకున్నయి. జింకలకు అన్యాయం జరగనియ్య. ప్రతి టవర్ ముందల ఒక్కొక్క జింక విగ్రహం పెడత. ఇప్పుడున్న జింకలు ఏడాదిల రెండు పిల్లలు పెడతయో మూడు పెడతయో, విగ్రహాలు మాత్రం తగ్గవు."

పీతాంబర్ గారు అప్పటికప్పుడే తీర్మానం చదివారు. "శ్రీమతి మాణిక్యమ్మగారి ఆక్షేపణ అత్యంత విలువైనదిగా, హృదయవిదారకమైనదిగా, సర్వథా సమంజసమైనదిగా గుర్తించి, సకారణముగా తోసిపుచ్చడమైనది."

మళ్ళీ చప్పట్లు. మాణిక్యమ్మకు ఏమైందో అర్థం అయ్యేలోపు ఎవరో శాలువా కప్పారు.

ఆమె షామియానా వెనక్కి పోయి నీళ్ళు తాగుతుంటే సులోచన వచ్చి పక్కన నిలబడింది. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే పిల్ల. అటూ ఇటూ చూసి చిన్నగా అంది:

"పెద్దమ్మా, మీరు రాకుంటే బాగుండేది."

"గదేంది బిడ్డా?"

"మూడేండ్ల సంది ఈ ఫైలు మా ఆఫీసులనే పడి ఉన్నది. ఆక్షేపణ లేక."

సులోచన చెప్పిన సంగతి ఇది. ఎక్కడో ఒకచోట అధికారులు తలుపులు మూసి విచారణ జరిపి, ఒక్కరికీ అభ్యంతరం లేదని రాసుకున్నారు. కోర్టు చీవాట్లు పెట్టింది. దాంతో సర్కారుకు ప్రజాభిప్రాయం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టి కొత్త నిబంధన తెచ్చింది. ఏ నిర్మాణానికైనా రెండు విచారణలు జరగాలి. రెండింటిలోనూ స్థానిక నివాసి ఒకరైనా నిజమైన ఆక్షేపణ చెప్పాలి. అధికారి దాన్ని గౌరవంగా విని, కారణాలు చూపించి తోసిపుచ్చాలి. అప్పుడే అనుమతి. ఆక్షేపణ లేని ఫైలు అసంపూర్ణం, అది కదలదు. హరిణ విహార్ కట్టబోతున్నారని చుట్టుపక్కల ఊళ్ళలో కొందరికి ముందే తెలుసు. కాని చెప్పినా వినరు కదా అని ఎవరూ పోలేదు. ఎవరూ పోనందువల్ల ఫైలు కదల్లేదు.

"అంటే నేను ఆపుదామని వచ్చి..."

"ముందటికి తోసిన్రు పెద్దమ్మా. ఇంకొక్క తోపు తోస్తే అయిపోతది."

మాణిక్యమ్మ శాలువా తీసి మడతపెట్టి సులోచన చేతిలో పెట్టింది. ఇంటికి నడిచే వచ్చింది. కారు వెనకే నడిపించుకుంటూ వచ్చిన డ్రైవరు ఎంత పిలిచినా ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఆమె గిర్ని ముందు ఊరివాళ్ళను కూర్చోబెట్టి విషయం విప్పి చెప్పింది. "ఇయ్యాలటి సంది ఈ ఊర్ల ఎవ్వరికీ అభ్యంతరం లేదు. టవర్లు కడితే కట్టనీ. పన్నెండు కాదు, వంద కట్టుకోనీ. ఎవరడిగినా మస్తు సంతోషమనే చెప్పాలె."

"నువ్వు ఉండగలవా అక్కా, నోరు మూసుకొని?" అన్నాడు బీరయ్య. అందరూ నవ్వారు. మాణిక్యమ్మ నవ్వలేదు. ఆమెకూ ఆ అనుమానమే ఉంది.

రెండో విచారణకు ప్రకటన వచ్చింది. ఆక్షేపణలు ఆహ్వానిస్తూ ఊళ్ళో టాంటాం వేయించారు. ఒక్కరూ రాలేదు. గడువు పొడిగించారు. అప్పుడూ రాలేదు. మూడోసారి పొడిగించినప్పుడు ఊరంతా ఊరేగింపుగా బయల్దేరి 'హరిణ విహార్ వర్ధిల్లాలి', 'మా గడ్డి మాకొద్దు' అని నినాదాలు ఇస్తూ కార్యాలయం ముందు కూర్చుంది. పీతాంబర్ గారు కిటికీలోంచి చూసి పోలీసులను పిలిపించారు. సమర్థకులు శాంతిభద్రతలకు భంగం కలిగిస్తున్నారని కేసు రాశారు.

తరువాత ఆయన స్వయంగా గిర్నికి వచ్చారు. పిండి దుమ్ములో కళ్ళజోడు తెల్లబడింది.

"అమ్మా, ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉన్నది. ఆక్షేపించే హక్కును తాము వినియోగించుకొనకపోవడం పౌరధర్మానికి విరుద్ధం."

"నాకేం అభ్యంతరం లేదు సార్."

"లేశమాత్రమైననూ లేదా? టవరు నీడ తమ గిర్ని మీద పడునేమో? ఆలోచించండి."

"నీడ సల్లగుంటది సార్."

వెనకే చక్రధర్ వచ్చాడు. చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "అక్కా, ఒక్క మాట. నన్ను తిట్టు. దొంగ అను, జింకల ఉసురు తగుల్తదని శాపం పెట్టు. నీ నోటితోటి ఒక్క తిట్టు పడితే నా బతుకు బాగుపడతది."

"నువ్వు దేవునసొంటోడివి తమ్మీ," అంది మాణిక్యమ్మ పళ్ళు గట్టిగా బిగించి.

అప్పుడు వాళ్ళు బయటి నుంచి ఆక్షేపకులను తెప్పించడం మొదలుపెట్టారు. ఒకతన్ని నాలుగు రోజులు గదిలో కూర్చోబెట్టి ఆక్రోశించడం నేర్పించారు. విచారణ రిహార్సల్‌లో అతను గుండెలు బాదుకుంటూ బ్రహ్మాండంగా ఏడ్చాడు. చివర్లో అలవాటుకొద్దీ, "జై చక్రధర్ సార్!" అనేశాడు. పైగా అతను స్థానికుడు కాడు. నిబంధన ప్రకారం ఆ ఏడుపు చెల్లలేదు.

ఇక మిగిలిన మార్గం దేవరబండకు అభ్యంతరం పుట్టించడమే. మొదట మాణిక్యమ్మ గిర్నికి కరెంటు తీసేశారు. ఆమె గడపలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, "మంచిగైంది, చెవులకు ఇరాం దొరికింది" అంది. ఊరి రోడ్డు తవ్వి అలాగే వదిలేశారు. ఊరివాళ్ళు గుంతల చుట్టూ నడిచి వెళుతూ ఎదురుపడిన ఇంజనీరుకు దండాలు పెట్టారు. నీళ్ళ ట్యాంకరు రెండు వారాలు రాలేదు. ఆడవాళ్ళు పొరుగూరి నుంచి బిందెలు మోసుకుంటూ, ఆఫీసు జీపు కనబడితే మొహం విప్పార్చి నవ్వారు. ఏ మూల ఏ మాట జారుతుందోనని జీపులో ఒక గుమాస్తా కలం పట్టుకుని తిరిగేవాడు.

తరువాత బీరయ్య గొర్లను పట్టుకుపోయారు.

మంద బయలు అంచుకు కూడా పోలేదు. ఊరి దారిలోనే ఉంది. జింకల మేత తిన్నాయని చెప్పి మొత్తం మందను జిల్లా కేంద్రంలోని బందెలదొడ్డిలోకి తోలారు. ఎండలో నీళ్ళు లేక, ఈనడానికి దగ్గరపడిన గొర్రె ఒకటి అక్కడే పడిపోయింది. మాణిక్యమ్మ వెళ్ళేసరికి బీరయ్య దాని తల ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. దొడ్డి గేటు దగ్గర పీతాంబర్ గారు, చక్రధర్, కలం పట్టుకున్న గుమాస్తా ముగ్గురూ నిలబడి ఉన్నారు. సులోచన వాళ్ళ వెనక తల వంచుకుని ఉంది.

"చెప్పండమ్మా," అన్నారు పీతాంబర్ గారు మృదువుగా. "ఈ చర్య పట్ల తమ మనోభావమేమి?"

మాణిక్యమ్మ గొర్రె వైపు చూసింది. దాని కళ్ళ మీద ఈగలు వాలుతున్నాయి. ఇన్నేళ్ళుగా బస్సు ఆగిన చోటికీ, సర్పంచి ఉపన్యాసానికీ ఖర్చుపెట్టిన గొంతంతా ఇప్పుడు ఒక్కచోటికి చేరి నోటిదాకా వచ్చింది. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత తీసింది.

"నాకేం అభ్యంతరం లేదు."

బీరయ్య తలెత్తి అక్కను చూశాడు. ఆ చూపు ఆమె చాలా రోజులు మరిచిపోలేదు. అతను ఆ తరువాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. మంద ఇంటికి వచ్చింది కాని అతను గిర్ని వైపు రాలేదు. రాత్రి అన్నం పంపితే గిన్నె అలాగే తిరిగి వచ్చింది. మాణిక్యమ్మ ఆ గిన్నె కడుగుతూ మొదటిసారి ఏడ్చింది. ఆవేదనాంశం కొరవడిందన్న పెద్దమనిషి అక్కడ లేడు కాబట్టి అది ఎక్కడా నమోదు కాలేదు.

రెండో విచారణ రానే వచ్చింది. ఈసారి గడువు పొడిగించడానికి వీల్లేదు. షామియానా నిండా ఊరు. మాణిక్యమ్మ మొదటి వరసలో, ఆమెకు దూరంగా చివరి వరసలో బీరయ్య. పీతాంబర్ గారు మైకు ముందుకు వచ్చి అడిగారు.

"ఆక్షేపణలు కలవా?"

ఎవరూ కదల్లేదు.

"స్వల్పమైనవి? అస్పష్టమైనవి? వ్యాకరణ సంబంధమైనవి?"

ఒక ముసలాయన దగ్గాడు. గుమాస్తా కలం ఎత్తాడు. ముసలాయన చేతులు జోడించి, "దగ్గే సారు. ఏం మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు.

పీతాంబర్ గారు మైకు వదిలారు. మాణిక్యమ్మ ఎదుటికి వచ్చి నిలబడ్డారు. "అమ్మా, సూటిగా అడుగుతున్నాను. ఆక్షేపణ చెప్పుటకు తమకేమైనా ఆక్షేపణ ఉన్నదా?"

ఉందంటే అదొక ఆక్షేపణ. లేదంటే చెప్పమంటాడు. మాణిక్యమ్మ ఆయన మొహంలోకి చూస్తూ ఊరుకుంది. ఆయన మళ్ళీ అడిగారు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. షామియానా కింద జనమంతా అలాగే కూర్చున్నారు. దూరంగా గడ్డిలో ఎక్కడో ఒక ఇర్రి కూత పెట్టింది. చక్రధర్ కుర్చీలో ముందుకు వంగి పీతాంబర్ గారి వైపు చూసిన చూపులో మెత్తదనం లేదు.

పీతాంబర్ గారు మైకు గుంజుకున్నారు. ఆయన భాషలోంచి సంస్కృతం ఊడిపోయింది.

"ఏం మనుషులయ్యా మీరు? నోరు తెరవరేం? ప్రభుత్వం ఇంత ఖర్చుపెట్టి షామియానా వేసి అడుగుతుంటే బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చుంటారా? ఈ వ్యవహారమంతటికీ నేను తీవ్ర అభ్యంతరం చెబుతున్నాను! ఇది అన్యాయం! ఇది ఆపాలి!"

సులోచన వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. రాసి, లేచి నిలబడి, చిన్న గొంతుతోనే చదివింది.

"ఆక్షేపణ ఒకటి నమోదైంది సార్. ఆక్షేపకులు పీతాంబర్ గారు. 'తీవ్ర అభ్యంతరం, అన్యాయం, ఇది ఆపాలి.'"

చక్రధర్ ఎగిరి గంతేశాడు. "అయిపోయింది! తోసిపుచ్చండి సార్, జల్ది!"

"ఆయన స్థానికుడు కాడు కద," అని ఎవరో అన్నారు.

"స్థానికులే," అంది సులోచన. "హరిణ విహార్‌ల స్థానికుల కోటాల ఫ్లాటు కోసమని సారు దేవరబండ నివాసినని సర్టిఫికెట్ తీసుకున్నరు. ఆక్షేపణ చెల్లుతది. కాకపోతే ఎవరి ఆక్షేపణను వాళ్ళే తోసిపుచ్చద్దని నిబంధన ఉన్నది సార్. మీరే రాసిన్రు. ఆక్షేపణ తోసిపుచ్చే అధికారం జిల్లాల మీకొక్కరికే ఉన్నది."

తోసిపుచ్చే దిక్కులేని ఆక్షేపణ నిబంధనల ప్రకారం నిలిచిపోతుంది. దాన్ని పడగొట్టడానికి పైవాళ్ళు నెల రోజులు తలలు బద్దలు కొట్టుకున్నారు. నిబంధన ఎంత గట్టిగా రాసి ఉందంటే, రాసినవాళ్ళకే అందులోంచి బయటికి వచ్చే దారి దొరకలేదు. హరిణ విహార్ రద్దయింది. బోర్డు మీది జింకను మడతపెట్టి లారీలో వేసుకుపోయారు.

ఆ సాయంత్రం బీరయ్య గిర్ని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. "ఆకలైతుంది అక్కా" అన్నాడు. మాణిక్యమ్మ అన్నం పెట్టింది. అతను తింటున్నంతసేపు పక్కనే కూర్చుని చింతపులుపు ఎక్కువైందని, ఉప్పు తక్కువైందని తన వంటకు తనే వంకలు పెట్టింది.

ఇంతటితో కథ కంచికి పోవలసిందే. కాని సర్కారు పొరపాటున మంచి పని చేస్తే దాన్ని పొరపాటుగా ఒప్పుకోదు. సొంత ఫ్లాటును సైతం తృణీకరించి తృణభూమిని కాపాడిన అధికారిగా పీతాంబర్ గారికి పురస్కారం ప్రకటించారు. ఆయన కూడా రెండు సభల్లో మాట్లాడేసరికి తన త్యాగాన్ని తనే నమ్మడం మొదలుపెట్టారు. ఆ మహాఘట్టాన్ని భావితరాలు మరిచిపోకుండా ఇర్రులబయలు నడిబొడ్డున 'తృణభూమి పరిరక్షణ భవన సముదాయం' నిర్మించాలని నిర్ణయించారు. ఏడంతస్తులు. గడ్డి ప్రాముఖ్యం గురించి శిక్షణ ఇచ్చే హాళ్ళు, శిక్షణకు వచ్చేవారికి అతిథిగృహాలు, వారి కార్లకు జాగా. కాంట్రాక్టు చక్రధర్‌కు దక్కింది.

శంకుస్థాపన రోజు పొద్దునే మాణిక్యమ్మ వేదిక దగ్గరికి వెళ్ళింది. ఈసారి నోరు బిగబట్టలేదు.

"సారూ, నాకు అభ్యంతరం ఉన్నది!"

పీతాంబర్ గారు మెడలో దండతో చిరునవ్వు నవ్వారు. "అమ్మా, తమ భావన మాకు శిరోధార్యం. కాని సంరక్షణ నిమిత్తం చేపట్టే నిర్మాణములకు విచారణ వర్తించదు. ఆక్షేపణ వ్రాసుకొనుటకు ఈ ఫారములో గడియే లేదు."

"రాసుకోను జాగ లేదంటరు. కూసోను ఉన్నది కద."

ఆమె వెళ్ళి మంత్రిగారి కోసం తవ్వి, పసుపు కుంకుమ చల్లి ఉంచిన గుంతలో కూర్చుంది. బీరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. జొన్నలు పట్టించుకునే ఆడవాళ్ళు, నినాదాలిచ్చిన కుర్రవాళ్ళు, దగ్గిన ముసలాయన ఒకరి తరువాత ఒకరు వచ్చారు. గుంత చాలక, దాని చుట్టూ గడ్డిలో కూర్చున్నారు.

మంత్రిగారి కార్లు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి. ఏం జరుగుతోందని ఆయన అడిగారు. పీతాంబర్ గారు సులోచన వైపు తిరిగి, "రిపోర్టు వ్రాయి" అన్నారు.

"ఏమని రాయాలె సార్?" అంది సులోచన. "ఆక్షేపణ అంటే ఫారంల గడి లేదంటిరి. ఆక్షేపణ కాదంటే ఇంతమంది ఎందుకు కూసున్నరో రాయాలె గద."

ఆయన ఆలోచించారు. మంత్రిగారు గడియారం చూసుకున్నారు. పురోహితుడు ముహూర్తం దాటుతోందని రెండుసార్లు చెప్పి, తరువాత చెప్పడం మానేశాడు. ఎండ పైకెక్కింది. గుంత అంచున తాపీ పట్టుకుని నిలబడిన మేస్త్రీ బొచ్చెలోని సిమెంటును కాలి వేలితో తట్టి చూశాడు.

"సార్," అన్నాడు, "ఇగ ఇది పనికిరాదు. గట్టిపడ్డది."